పనసకర్ర డైరెక్ట్ బాక్సు

జూలై పదకొండో తేదీ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వేమగూడెంలో సన్నని తుంపర పడుతోంది. గాలి లేదు. పడమటి ఆకాశం మాత్రం తెరిపిగా ఉంది. ఆ సమయానికి ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్ గదిలో వీణ శాఖాధ్యక్షురాలు మాణిక్యాంబ ఒక చిన్న ఇనుప పెట్టె కావాలని అడిగింది. తరువాత జరిగినదంతా ఆ కోరికలోంచే పుట్టింది గనుక, ఆ కోరిక దేనిలోంచి పుట్టిందో ముందుగా చెప్పడం న్యాయం.

కళాశాల సభాభవనాన్ని ఉపన్యాసాలను దృష్టిలో పెట్టుకుని కట్టారు. కప్పు చాలా ఎత్తు. ఆ ఎత్తునుంచి వేలాడే ఫ్యాన్లు తిరిగితే వీణ నాదం మూడో వరుస దాటదు. మార్చి నెలలో తనిఖీకి వచ్చిన ఉప సంచాలకులు బలభద్రరావు గారు చివరి వరుసలో కూర్చుని, మాణిక్యాంబ కచేరీ సాంతం చూసి, నివేదికలో రెండు వాక్యాలు రాశారు. "వీణ కనిపించినది. వినిపించలేదు." వినిపించని వాద్యానికి శాఖ ఎందుకని సంచాలక కార్యాలయం ఆలోచించింది. ఫిబ్రవరిలో జరిగే వార్షికోత్సవంలో కూడా చివరి వరుసకు వీణ వినిపించని పక్షంలో, వీణ శాఖను కీబోర్డు శాఖలో విలీనం చేయాలని, రెండూ వేళ్లతో వాయించబడునవే అయినందున విద్యార్థులకు నష్టం ఉండదని నిర్ణయించింది.

మాణిక్యాంబ ఇరవై ఆరేళ్లుగా ఆ శాఖ నడుపుతోంది. తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్ వీణకు అంటించి చూసింది. పికప్ నుంచి హాలు చివరనున్న ఆంప్లిఫయరు దాకా పోయే పొడవాటి తీగలో నాదం నీరసించి, దారిలో దొరికిన కరెంటు మోతను వెంటబెట్టుకుని చేరింది. ఇదే చిక్కుకు విజయవాడలోని ఒక సభవారు ఏం చేశారో ఆమె చూసింది. వీణ పక్కన గుప్పెడంత ఇనుప పెట్టె పెట్టారు. పికప్ తీగ అందులోకి పోయింది, అందులోంచి ఇంకో తీగ బయటికి వచ్చింది. అంతే, వీణ వీణలాగే వినిపించింది.

"దాన్ని డైరెక్ట్ బాక్సు అంటారండీ," అంది మాణిక్యాంబ. "బజార్లో దొరుకుతుంది. ఒక్కటి కొనిపెడితే చాలు."

కొనడం అన్న మాట చెవిన పడగానే ప్రిన్సిపాల్ సోమయాజులు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన గాత్ర విద్వాంసులు. తాళాంగాల చరిత్ర మీద డాక్టరేటు పొందినవారు.

"స్వావలంబన ఉత్తర్వు మీరు చదివారా?"

చదివింది. అందరూ చదివారు. ఏ సంస్థ అయినా తాను తయారు చేసుకోగల వస్తువును బయట కొనరాదు. కొనదలచుకుంటే, ఆ వస్తువును తయారు చేసే సామర్థ్యం తమకు లేదని సంస్థాధిపతి స్వయంగా సంతకం చేసి అసమర్థతా ధ్రువపత్రం పంపాలి. ఉత్తర్వు వెలువడిన నాటినుంచి జిల్లాలో ఏ ఒక్క అధికారీ ఆ పత్రం మీద సంతకం పెట్టలేదు. ఆ కారణంగా పశువైద్యశాలవారు సూదులు సాగదీస్తున్నారు, ట్రెజరీవారు గొడుగులు కుడుతున్నారు. జిల్లా అసమర్థత లేని జిల్లాగా బహుమతి కూడా అందుకుంది.

"నేను అసమర్థుణ్ణని నాచేతే సంతకం పెట్టిస్తారా, మాణిక్యాంబ గారూ?"

"అయ్యో, అవేం మాటలండీ! పెట్టె తయారు చెయ్యడం వరకే కదా."

"అసమర్థతలో వరకే అనేది ఉండదమ్మా. సర్వీసు రిజిస్టరులోకి ఎక్కిందంటే మొత్తంగా ఎక్కినట్టే."

"పోనీ, నా డబ్బు పెట్టి నేనే కొనుక్కొస్తాను. ఎవరికీ ఇబ్బంది లేదు."

సోమయాజులు గారు నిజంగా భయపడ్డారు. "అంత పని చెయ్యకండి! తయారు చేయగల సంస్థలో తయారు కాని పెట్టె కనబడితే, ఇక్కడ ఎందుకు తయారు కాలేదని నన్ను అడుగుతారు. మీ ఔదార్యం నామీద అభియోగపత్రం అవుతుంది." తరువాత కాస్త మెత్తబడి, "మనమే చేద్దాం. పెట్టెయే కదా," అన్నారు.

వరండాలో నాదస్వరం అధ్యాపకుడు షేక్ మస్తాన్ వలీ ఎదురయ్యాడు. ఆయన వాద్యానికి ఏనాడూ మైకు అవసరం రాలేదు. ఆ నిశ్చింత ఆయన మాటలో ఉంటుంది.

"ఏందక్కగారూ, మొహం అట్టా వాడిపోయింది? ఇయ్యనన్నాడా?"

"మనమే తయారు చేద్దామన్నారు."

"టంకం పెట్టడం మనలో ఎవురికొచ్చు?"

"ఎవరికీ రాదు."

"మరింకేం. కమిటీ యేస్తారు."

వేశారు. డైరెక్ట్ బాక్సు నిర్మాణ కమిటీకి సోమయాజులు గారు అధ్యక్షులు, మాణిక్యాంబ కార్యదర్శి, మస్తాన్ వలీ సభ్యుడు. పెట్టె దేనితో చేయాలన్నది మొదటి సమావేశపు చర్చనీయాంశం. ఇనుముతో, అంది మాణిక్యాంబ.

"మనది సంగీత కళాశాల," అన్నారు సోమయాజులు గారు, "ఆయుధాగారం కాదు. వీణ పనస. తంబుర పనస. మృదంగం పనస. వేల ఏళ్లుగా నాదం పనసలోనే నివసించింది. ఈ పెట్టె కోసం దాన్ని ఇనుములో బంధించాలా?"

"నాదస్వరం పనస కాదండీ," అన్నాడు మస్తాన్ వలీ.

"అది ఆరుబయలు వాద్యం. మినహాయింపు."

"అది నాదం మోగడానికి కాదండీ," అని మాణిక్యాంబ ఓపికగా చెప్పింది. "పెట్టెలో ఏదీ మోగకూడదు. గోడల్లో, తీగల్లో పారే కరెంటు మోత లోపలికి రాకుండా ఇనుము అడ్డుకుంటుంది. కర్ర అడ్డుకోదు."

"అడ్డుకోవడం మన సంప్రదాయం కాదు," అన్నారు అధ్యక్షులు. ఈ వాక్యం యథాతథంగా తీర్మానంలో చేరింది.

పనసకర్ర తెచ్చారు. వీణలు చేసే వడ్రంగి, సంగీత కళాశాలవారి పని కదా అని భక్తిశ్రద్ధలతో పెట్టెను తొలిచి, మూతకు నాదరంధ్రాలు పెట్టి, వీణకు ఉన్నట్టే ఒక కొసకు సింహంలాంటి యాళి ముఖం చెక్కాడు. యాళి నోట్లోంచి తీగ బయటికి వస్తుంది. లోపల ఉండవలసిన ట్రాన్స్‌ఫార్మరుకు రాగి తీగ కావాలి. దాన్ని తయారు చేసే సామర్థ్యం ప్రస్తుతానికి పరిశీలనలో ఉన్నందున, స్టోర్సులో మూలుగుతున్న పాత తంబుర తీగలకు నూలుదారం చుట్టి వాడారు. ఎన్ని చుట్లు చుట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సోమయాజులు గారు తమ సిద్ధాంత గ్రంథం తెప్పించారు. ఒక వైపు చుట్లు ఆదితాళంలోను, రెండో వైపు ఖండచాపులోను నిర్ణయమయ్యాయి. చుట్టే పని వీణ విద్యార్థులకు అప్పగించారు. వాళ్ల వేళ్లు తీగలకు అలవాటుపడినవి. ఆ కారణంగా దసరా సెలవుల దాకా వాళ్లకు వీణ ముట్టుకునే తీరిక దొరకలేదు.

నవంబరులో మొదటి పరీక్ష జరిగింది. పికప్ తీగ పెట్టెలో పెట్టి, ఆంప్లిఫయరు స్విచ్చి వేశారు. హాలు నిండా గుమ్మ్‌మని ఒక మోత లేచింది. పెద్ద తుమ్మెద ఒకటి సభాభవనాన్ని మింగి కూర్చున్నట్టుంది.

"ఇదేనండీ నేను చెప్పింది," అంది మాణిక్యాంబ మోతను మించి అరుస్తూ. "ఇది కరెంటు మోత. పెట్టె దీన్ని ఆపలేదు!"

సోమయాజులు గారు తల పక్కకు వంచి మోతను విన్నారు. కళ్లు మూసుకున్నారు. కుడిచెయ్యి మెల్లగా లేచింది. ఆయన చెవి అబద్ధం ఎరగనిది. అనర్థమంతా ఆ చెవిలోంచే వచ్చింది. నోరు తెరిచి, ఆ మోత మీద మోత పెట్టినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా షడ్జం పాడారు.

"ఐదు శ్రుతికి పైన," అన్నారు పారవశ్యంతో. "ఐదున్నరకు కింద. చూశారా, ఎంత స్థిరంగా ఉందో! తంబుర జారుతుంది. శ్రుతిపెట్టె బ్యాటరీ నీరసిస్తుంది. ఇది జారదు. మాణిక్యాంబ గారూ, మనం పెట్టె తయారు చేద్దామనుకున్నాం. శ్రుతి తయారు చేశాం."

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయడమేమనగా, కళాశాల స్వశక్తితో ఉత్పత్తి చేసిన స్థిరనాదమును సంస్థాగత శ్రుతిగా స్వీకరించడమైనది. ఇకమీదట సకల గాత్రములును, వాద్యములును ఆ శ్రుతికే కట్టుబడి ఉండవలెను. భిన్న శ్రుతులను ఉత్పత్తి చేయు తంబురలను స్టోర్సుకు అప్పగించవలెను."

కారణం ఒక్కటే అయినా ఫలితాలు శాఖకొక రకంగా వచ్చాయి. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగపిల్లలు ఐదు పైకి ఎగబాకి, పండుమిరపకాయ కొరికినవాళ్లలా ముఖాలు పెట్టి వర్ణాలు వల్లించారు. నాదస్వరం ఆ శ్రుతికి రానందుకు మస్తాన్ వలీని సంజాయిషీ అడిగారు.

"నా వాద్యానికి రంధ్రాలు పెట్టినోడు ఈ సర్క్యులర్ చూళ్లేదండి," అన్నాడాయన. "చూసుంటే అణకువగా పెట్టేవోడే."

సర్క్యులర్‌కు అనుగుణమైన నాదస్వరాన్ని కళాశాలలోనే తయారు చేయవలసిందిగా ఆయనను ఆదేశించారు. ఆయన శిష్యుల మేళం ఆ ఏడు పెళ్లిళ్లలో తప్ప ఎక్కడా మోగలేదు.

కరెంటు పోయినప్పుడల్లా శ్రుతి కూడా పోయేది. శ్రుతి లేకుండా సాధన చేయడం అపరాధం గనుక, అలాంటి వేళల్లో తరగతులు రద్దు. నోటీసు బోర్డు మీద "శ్రుతి లేనందున సంగీతము లేదు" అన్న అట్టముక్క శాశ్వతంగా వేలాడసాగింది. విద్యార్థులు వేసవిని తలుచుకుని సంబరపడ్డారు.

అందరికంటె ఎక్కువ నలిగింది వీణ. రాగం పలికే దాని సారణి తీగ మూడు శ్రుతిలో హాయిగా మోగేది. ఐదు పైకి ఎక్కించబోతే ఠంగుమని తెగింది. మళ్లీ వేస్తే మళ్లీ తెగింది. తెగిన తీగలు క్రమశిక్షణకు లోబడనివని నమోదు చేశారు. చివరికి మాణిక్యాంబ బాగా సన్నని తీగలు తెప్పించి బిగించింది. తెగలేదు. కాని వీణకు ఉండవలసిన గంభీరమైన గొంతు పోయి, దోమ పాడినట్టయింది. జనవరిలో ఒకనాడు మస్తాన్ వలీని చివరి వరుసలో కూర్చోబెట్టి, పెట్టె తగిలించుకుని, తోడి ఆలాపన చేసింది.

"వినపడిందా తమ్ముడూ?"

"మోత బ్రహ్మాండంగా వినపడిందక్కా. మజ్జలో ఎవురో తలుపు గీరుతున్నట్టుండాది. అది మీరే అనుకుంటా."

ఆమె నవ్వలేదు. "వచ్చే నెలలో ఉప సంచాలకుడు కూర్చునేది ఆ కుర్చీలోనే. తలుపు గీరుతున్నట్టుందని రాస్తాడు. తరువాత నా పిల్లలు కీబోర్డు ముందు కూర్చుంటారు. తీగ లాగితే పలికే గమకం ఎక్కడుంటుందయ్యా ఆ ప్లాస్టిక్ మీటల్లో?"

"పెట్టె లేకుండా వాయించండి."

"పెట్టె లేకుండా వాయిస్తే ఉత్తర్వు ధిక్కారం. పెట్టెతో వాయిస్తే విలీనం."

మస్తాన్ వలీ లేచి ఆంప్లిఫయరు స్విచ్చి ఆపేశాడు.

వార్షికోత్సవం సాయంత్రం ఉప సంచాలకులు బలభద్రరావు గారు పూలదండ వేయించుకుని, తిన్నగా వెళ్లి చివరి వరుసలో కూర్చున్నారు. హాజరు తీసుకుంటారన్న వదంతి వల్ల హాలు కిటకిటలాడింది. మాణిక్యాంబ వేదిక ఎక్కింది. ఆమె పక్కన ఎర్ర గుడ్డ పరిచిన పీట మీద పనస పెట్టె, యాళి నోరు తెరుచుకుని, ప్రేక్షకుల వంక చూస్తోంది. స్విచ్చి వేశారు. గుమ్మ్‌మంది. సోమయాజులు గారు చేతులు జోడించారు. ఆమె వర్ణం మొదలుపెట్టింది. మొదటి వరుసలోవాళ్లు ఆమె వేళ్లు చూసి తలలూపారు. చివరి వరుసలో బలభద్రరావు గారు చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగడం ఆమెకు కనిపించింది. ఆయన రెండో చేత్తో కలం మూత తీశారు.

సరిగ్గా అప్పుడే వీధి చివర ఢామ్మని చప్పుడై, కరెంటు పోయింది.

మోత ఆగింది. ఫ్యాన్లు ఒక్కొక్కటిగా నిలిచిపోయాయి. జనరేటరు నిర్మాణ కమిటీ అప్పటికింకా మొదటి సమావేశం జరపలేదు. గాలి కోసం ఎవరో కిటికీలన్నీ తెరిచారు. అంతమంది ఉన్న హాలులో, నెలల తరువాత మొదటిసారిగా, నిశ్శబ్దం ఎలా ఉంటుందో అందరికీ తెలిసింది.

సోమయాజులు గారు తెర పక్కనుంచి గుసగుసలాడారు. "ఆపెయ్యండి, ఆపెయ్యండి. శ్రుతి లేదు."

ఆపితే ఏమవుతుందో మాణిక్యాంబకు తెలుసు. అంతవరకు విన్నదాన్ని బట్టి నివేదిక రాస్తారు. ఆమె వీణ వంక చూసింది, బిరడల మీద చెయ్యి వేసింది, ఒక్కొక్కటే వెనక్కి తిప్పసాగింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"శ్రుతి చేసుకుంటున్నానండీ."

"దేనికి? శ్రుతి పోయిందంటే!"

"వీణకండీ," అంది ఆమె, తల ఎత్తకుండా.

సన్న తీగలను మరీ దించితే మెట్ల మీద కొట్టుకుంటాయి. అందుచేత పాత శ్రుతి దాకా పోకుండా, తీగ తన బిగువు తాను మరిచిపోయే చోట ఆగింది. పూర్వికల్యాణి రాగం ఎత్తుకుంది. మీటిన ప్రతి మీటూ దూరంగా పోయి, గోడను తాకి, చీకట్లో మెల్లగా చల్లారడం ఆమెకే వినిపించింది. హాలులో దగ్గు లేదు, తుమ్ము లేదు. తానం వాయిస్తూ ఉండగా ఆమె శాఖను మరిచిపోయింది, తనిఖీని మరిచిపోయింది. ముగించాక చాలాసేపటికి గాని చప్పట్లు మొదలుకాలేదు. మొదలైనది చివరి వరుసలోంచి.

బలభద్రరావు గారు టార్చిలైటు వేసుకుని, కుర్చీల మధ్యనుంచి దాదాపు పరుగున వచ్చారు.

"వినిపించింది!" అన్నారు. "స్వరాల మధ్య జారులు కూడా వినిపించాయి! ఏదండీ ఆ పరికరం?"

సోమయాజులు గారు పీటతో సహా పెట్టెను పైకెత్తారు. "స్వయంనిర్మితం సార్. ఆదితాళం, ఖండచాపు."

ఉప సంచాలకులు టార్చి వెలుగులో యాళి ముఖాన్ని తడిమి చూశారు. "కరెంటు లేనప్పుడు కూడా పనిచేసిందే!"

"విద్యుత్ వినియోగం శూన్యం సార్," అన్నారు సోమయాజులు గారు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తట్టింది.

"అలా అయితే శాఖాధ్యక్షురాలు ధ్రువీకరించాలి." ఆయన మాణిక్యాంబ వైపు తిరిగారు. "అమ్మా, నేటి సాయంత్రం చివరి వరుసకు వీణ వినిపించడానికి కారణభూతమైనది ఈ పెట్టేనా?"

మాణిక్యాంబ వీణను ఒడిలోంచి దించి చాప మీద ఆనించింది. "కాదంటే ఏమవుతుందండీ?"

"కాదంటే నిర్ణీత పరికరం పనిచేయని స్థితిలో జరిగిన ప్రదర్శన అవుతుంది. చెల్లదు. కరెంటు ఉన్న రోజున మళ్లీ తనిఖీ పెట్టవలసి ఉంటుంది."

"ఔనంటే?"

"ఔనంటే ఇక తనిఖీ ఉండదు. వీణ శాఖకు ఢోకా లేదు."

ఎందుకు వినిపించిందో చెప్పడానికి ఆమెకు రెండు వాక్యాలు చాలు. ఫ్యాన్లు ఆగాయి, మోత ఆగింది. చిన్నపిల్లవాడికైనా అర్థమయ్యే సంగతి. ఆ రెండు వాక్యాలూ నాలుక చివరిదాకా వచ్చాయి. కరెంటు ఉన్న రోజున, ఆ మోతలో, కలం మూత తీసి కూర్చున్న మనిషి కళ్లముందు మెదిలాడు.

"పెట్టె నా పక్కనే ఉందండీ," అంది మాణిక్యాంబ.

బలభద్రరావు గారు ఆనందంగా తలూపి, అక్కడికక్కడే రాసుకున్నారు. "పెట్టె సమక్షమున వీణ స్పష్టముగా వినిపించినదని శాఖాధ్యక్షురాలు ధ్రువీకరించినారు."

ఇంటికి పోయే దారిలో మస్తాన్ వలీ, "అబద్ధం చెప్పలేదు గదా అక్కా," అన్నాడు.

"లేదు."

"అద్దీ. శాఖ నిలబడింది. ఇంకేం గావాల?"

"ఇంకేం వద్దు," అంది గాని, ఆ మాట ఆమెకే నచ్చలేదు.

శాఖ నిలబడింది. విద్యుత్తు లేకుండా పనిచేసే స్వదేశీ డైరెక్ట్ బాక్సును రాష్ట్రంలోని సంగీత కళాశాలలన్నింటికీ సరఫరా చేయవలసిందిగా ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. పెట్టె పనితనానికి సాక్ష్యం చెప్పినది వీణ శాఖ గనుక తయారీ బాధ్యత కూడా ఆ శాఖకే దక్కింది. దాని పేరు మొదట వీణ మరియు డైరెక్ట్ బాక్సు శాఖ అయింది. తరువాతి ఏడు డైరెక్ట్ బాక్సు మరియు వీణ శాఖ అయింది. విద్యార్థులు ఉదయమంతా తంబుర తీగలకు నూలు చుట్టి, మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి, మిగిలిన పొద్దులో సరళీ స్వరాలు వాయించేవారు. పెట్టెలు చేరిన ప్రతి కళాశాలలోను మోత లేచింది. శ్రుతి కుదిరిందని ప్రతి కళాశాల నుంచీ కృతజ్ఞతాపూర్వకమైన ఉత్తరాలు వచ్చాయి. పెట్టె సంగతి విన్నవించుకోవాలని మాణిక్యాంబ రెండుసార్లు సంచాలక కార్యాలయానికి వెళ్లింది. రెండుసార్లూ ఆమె ధ్రువీకరణనే ఆమెకు చదివి వినిపించి, శాలువా కప్పి పంపారు.

ఏడేళ్ల తరువాత ఆమె పదవీ విరమణ చేసింది. ఆ ఉద్యోగానికి వెలువడిన ప్రకటనలో ఎలక్ట్రికల్ డిప్లొమా తప్పనిసరి అని, వీణ వాయించడం తెలిసినవారికి ప్రాధాన్యం ఇవ్వబడుతుందని ఉంది. దరఖాస్తు చేసినవారిలో వీణ తెలిసినవారు ఎవరూ లేరు.